దివిసీమ దారికి తగిన కారు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో కార్లు లేవు గనుక సరిపోయింది. ఉండివుంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తప్పక చేర్చేవారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి సలహా చెబుతాడు. పెళ్ళి చేసేటప్పుడు చుట్టాలు చెబుతారు. కారు కొంటున్నామన్న మాట బయటికి పొక్కితే చాలు, విజయవాడలో పాలు పోసే అబ్బాయి దగ్గర నుంచి మా కాలేజీ ప్రిన్సిపాలుగారి దాకా సలహా చెప్పనివారంటూ ఉండరు.

మా ఊరివారికి ఆ హక్కు ఉన్నది లెండి. హైదరాబాదు దారీ, మద్రాసు-కలకత్తాల దారీ, బందరు దారీ కలిసేది ఇక్కడే. 1960లలో ఊరి అంచున వెలసిన ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం మొదలు అరిగిన బోల్టు మార్చడం దాకా జరగని పని లేదు. బెజవాడలో పుట్టి బండి సంగతి తెలియదంటే నమ్మేవారెవరు? అందుకని అందరి సలహాలూ ఓపికగా విన్నాము. చివరకు మాకు సరైన సలహా చెప్పింది మాత్రం మనిషి కాదు, విజయవాడ నుంచి దివిసీమకు పోయే దారి. ఆ ప్రయాణం సంగతే ఇక్కడ రాస్తున్నాను. కారు కొనదలచినవారికి పనికిరావచ్చు. కొనే ఉద్దేశం లేనివారికి కనీసం కృష్ణా డెల్టా చూచినట్లవుతుంది.

ముందు మా పాత బండి సంగతి చెప్పాలి. అది స్టేషన్ వ్యాగన్. ఈ కాలపు పిల్లలకు ఆ పేరే తెలియదు. వెనుక డిక్కీ పెట్టె ఉండవలసిన చోట కారు కప్పే చివరిదాకా సాగి, వెనుక తలుపు పైకి లేస్తుంది. మన దేశంలో ఈ తరహా బండ్లు ఎక్కువకాలం నిలవలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో ఇండిగో మరీనా వచ్చింది, మధ్యలో మరి రెండు మూడు వచ్చాయి. అంబులెన్సులా ఉన్నదని జనం నవ్వారు గాని కొనలేదు. మా మామయ్యగారు 2006లో బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరయిన ఏడు, చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి అటువంటి బండి ఒకటి కొన్నారు. దివిసీమ నుంచి బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు, మా అమ్మాయి ఉయ్యాల, అన్నీ అందులోనే వచ్చాయి. మూడేళ్ళ క్రితం మామయ్యగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి వాటి స్థానంలో చక్రాల కుర్చీ ప్రయాణం చేస్తున్నది. మడిచి నెట్టితే సరిపోతుంది. దానికోసం ఇంకేమీ తీయనక్కరలేదు.

సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు ఉంటుంది. ఆ తరువాత బండిని పరీక్ష చేయించి ఐదేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. 2021లో ఒకసారి పొడిగించుకున్నాము. ఆ గడువు 2026తో తీరుతుంది. ఇంకొకసారి పొడిగించుకోవచ్చునేమో గాని, అందులో గాలిసంచులు లేవు, ఈనాటి బ్రేకుల ఏర్పాట్లు లేవు. డెబ్భై ఏడేళ్ళ మనిషిని నెలనెలా డెబ్భై ఎనభై కిలోమీటర్లు తీసుకువచ్చి తీసుకుపోవాలి. కొత్తది కొనక తప్పదని మా వారూ నేనూ నిశ్చయించుకున్నాము.

తమ్ముడి సలహా

డిసెంబరు సెలవుల్లో మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చాడు. వాడుండేది మిన్నెసోటాలో. ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు. వాడికి నాలుగు చక్రాలూ లాగే సుబారు సెడాన్ ఉన్నది. అది వాడికి కారు కాదు, కులదైవం.

"అక్కా, ఇంకేమీ ఆలోచించకు. నాలుగు చక్రాలూ లాగే సెడాన్ తీసుకో. కుటుంబానికి కుటుంబం, హుషారుకు హుషారు. నీకు డ్రైవింగ్ సరదా కదా" అన్నాడు.

సరదా మాట నిజమే. బందరు రోడ్డు మీద లారీని దాటేటప్పుడు కాలు ఆనిస్తే కదిలే బండి కావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. తెలుగు పాఠం చెప్పేవారికి వేగం మీద మక్కువ ఉండరాదని ఏ వ్యాకరణంలోనూ లేదు గదా!

చదువరులకు ఈ నాలుగు చక్రాల గొడవ రెండు మాటల్లో చెబుతాను. మామూలు కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. ఇప్పటి చిన్న కార్లలో దాదాపుగా ముందు రెండింటికే. వెనుక రెండూ ఊరికే వెంట దొర్లుతాయి. శక్తిని నాలుగింటికీ పంచే ఏర్పాటును ఆల్ వీల్ డ్రైవ్ అంటారు. జీపులలో ఇటువంటిది పాతకాలం నుంచీ ఉన్నది. రోడ్డు మీద తిరిగే కారులో దీనిని పెట్టి ఇంగ్లండులో జెన్సెన్ వారు 1966లో అమ్మారు. జపానులో సుబారు వారు 1972లో ఒక వ్యాగన్‌కు అమర్చారు. 1980లో జర్మనీ నుంచి ఆడి క్వాట్రో వచ్చి పందేలలో గెలిచిన తరువాత, నాలుగు చక్రాల లాగుడు హుషారైన కారుకు గుర్తయిపోయింది. మంచు మీద ఒక చక్రం జారినా మిగిలినవి పట్టుకుని బండిని కదిలిస్తాయి. మిన్నెసోటాలో అది విలాసం కాదు, అవసరం.

మన దేశంలో అటువంటి సెడాన్ కావాలంటే ఏమున్నదని వెతికాను. జర్మనీ కంపెనీల పెద్ద కార్లున్నాయి. వాటి ధర వింటేనే మా వంటివారికి కళ్ళు తిరుగుతాయి. 2024 మార్చిలో చైనా కంపెనీ బివైడి వారు సీల్ అనే విద్యుత్ సెడాన్ తెచ్చారు. అందులో నాలుగు చక్రాలూ లాగే రకానికి అప్పుడు చెప్పిన ధర 53 లక్షలు. నిలిచిన చోటు నుంచి గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాలుగు సెకండ్లు కూడా పట్టదట! పోనీ హుషారు ఒక్కటే చూద్దామంటే, 2025లో స్కోడావారు ఆక్టేవియా ఆర్ఎస్‌ను మన దేశానికి నూరంటే నూరే తెప్పించారు. దాని ధర కూడా యాభై లక్షల దాకా ఉన్నది. అంత పెట్టినా లాగేవి ముందు రెండు చక్రాలే. మధ్యతరగతి ధరలో నాలుగు చక్రాలూ లాగేవి కావాలంటే మారుతి గ్రాండ్ విటారా వంటి ఎత్తు బండ్లలో కొన్ని రకాలున్నాయి. సెడాన్‌లలో మాత్రం లేవు.

"లేకపోతే ఎత్తు బండే తీసుకో. డబ్బుకు చూడకు. మామయ్యగారి ప్రాణం కదా" అన్నాడు తమ్ముడు.

ఆ మాటతో మా వారు ఆలోచనలో పడ్డారు. ప్రాణం పేరు చెప్పిన తరువాత డబ్బు లెక్క చూడడం ఏ ఇంట్లోనైనా కష్టమే. "రేపు ఎలాగూ మామయ్యగారిని తీసుకురావడానికి వెడుతున్నాము. నువ్వూ రా. ఆ దారి ఏమడుగుతుందో చూచి వచ్చి అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను తమ్ముడితో.

బందరు రోడ్డు

తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరాము. నేను స్టీరింగు దగ్గర, పక్కన తమ్ముడు, వెనుక మా అమ్మాయి. బెంజి సర్కిల్ దాటి ఊరు వదిలేసరికి పొగమంచు. డిసెంబరు, జనవరి నెలల్లో డెల్టా పొగమంచు తెలియనివారికి చెప్పి నమ్మించలేము. వరి మళ్ళలోని తేమా, కాలువల మీది ఆవిరీ కలిసి పాలు కాచినట్లు దట్టంగా లేస్తుంది. ముందు పోయే లారీ ఎర్రదీపం కనబడేసరికి లారీయే ఎదుట ఉంటుంది.

"ఇక్కడ నీ నాలుగు చక్రాలూ ఏం చేస్తాయి?" అని అడిగాను.

తమ్ముడు నవ్వి, "ఇక్కడ దీపాలూ బ్రేకులే అక్కా" అన్నాడు.

ఈ దారి భూగోళం కొంచెం చెప్పుకోవాలి. విజయవాడ పక్కన యనమలకుదురు కొండ దాటితే ఇక సముద్రం దాకా గుట్ట అన్నదే లేదు. అంతా కృష్ణమ్మ వేల ఏళ్ళుగా తెచ్చి పరచిన ఒండ్రు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు ఈ నేలనంతా అల్లుకున్నాయి. 1957లో ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి నిలిచింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ నుంచే సాగిపోతాయి. మోటార్లు రాకముందు ఈ కాలువలే రోడ్లు, పడవలే బండ్లు. పడవ పోని చోట ఎడ్లబండి. ఆ ఎడ్లబండి చక్రం మనిషి గుండెల ఎత్తున ఎందుకుండేదో ఎప్పుడైనా ఆలోచించారా? బురదలో కొంత దిగినా ఇరుసు నేలకు తగలకూడదని. ఈనాటి కంపెనీలు గ్రౌండ్ క్లియరెన్స్ అని ప్రకటనల్లో వేసే మాట మన వడ్రంగులకు ఏనాడో తెలుసు.

కంకిపాడు దాటాము. చక్కెర ఫ్యాక్టరీతో పేరు పొందిన ఉయ్యూరు వచ్చేసరికి వెలుగు వచ్చింది. ఇక్కడి దాకా, ఆ పైన పామర్రు దాకా, దారి జాతీయ రహదారి, నాలుగు వరుసల రోడ్డు. ఇక్కడ కావలసింది లారీని చప్పున దాటే శక్తి, అడ్డం వచ్చిన మోటారు సైకిలును చూచి ఆగగల బ్రేకు. పామర్రు దగ్గర రహదారి వదిలి కుడిచేతివైపు కూచిపూడి దారి పట్టాము. అక్కడ మొదలైంది అసలు డెల్టా.

రోడ్డు మీద ధాన్యం

కోతల రోజులు. కళ్ళాలు తక్కువై, సగం రోడ్డును రైతులు కళ్ళం చేసుకున్నారు. మైళ్ళ తరబడి బంగారు రంగు ధాన్యం ఆరబోసి ఉన్నది. పాపం, వారిని తప్పు పట్టి లాభం లేదు. తేమ ఎక్కువైతే ధర రాదు, ఆరబెట్టడానికి వేరే చోటు లేదు. కాని కారు నడిపేవారికి మాత్రం అది ముత్యాలు పోసిన గచ్చు. ధాన్యం మీద బ్రేకు వేస్తే టైరు పట్టదు, గింజల మీద దొర్లుతుంది. పైగా ఒక పక్క ధాన్యం, రెండో పక్క కాలువ. చాలాచోట్ల కాలువకు గట్టే తప్ప గోడ ఉండదు.

ఎదురుగా బస్సు వచ్చింది. దారి ఇవ్వడానికి కుడిచక్రాలు తారు మీదా, ఎడమచక్రాలు ధాన్యం అంచునా ఉంచి నిదానంగా ఆపాను. తమ్ముడు కిటికీలోంచి కాలువ వంక చూచి కాసేపు మాట్లాడలేదు.

"అక్కా, మంచులో కూడా ఇంతే. నాలుగు చక్రాల లాగుడు బయలుదేరడానికి సాయం గాని ఆగడానికి కాదు. మా దగ్గర కొత్తగా కొన్నవాళ్ళు అది తెలియక గోతుల్లోకి పోతుంటారు" అన్నాడు చివరకు.

మంచి మాట అన్నాడు. కారులో బ్రేకులు ఎప్పుడూ నాలుగు చక్రాలకూ ఉంటాయి, అది ఏ కారైనా సరే. ఆగడం టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టును బట్టి ఉంటుంది. ఆ పట్టు ఒక్కొక్క టైరుకు అరచేయంత మేర మాత్రమే. బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూచే ఏర్పాటు ఒకటి, బండి పక్కకు జారబోతే ఒక్కొక్క చక్రాన్ని విడిగా పట్టి దారిలోకి తెచ్చే ఏర్పాటు ఒకటి ఇప్పటి కార్లలో వస్తున్నాయి. మొదటిదాన్ని ఏబిఎస్ అనీ, రెండోదాన్ని ఇఎస్‌సి అనీ అంటారు. కాలువగట్టు మీద ప్రాణం కాపాడేవి ఇవీ, మంచి టైర్లూను. లాగే చక్రాల సంఖ్య కాదు.

కూచిపూడి దాటి చల్లపల్లి, అక్కడి నుంచి మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి కారులోంచే దండం పెట్టుకున్నాము. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. ఒక పాయ మీదుగా కాలువ నీటిని ఆ సీమకు దాటించే అక్విడక్టు ఇక్కడే ఉన్నది. నది మీద కాలువ పారడం చూచి మా అమ్మాయి ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న నాకూ ఆశ్చర్యం తీరలేదు. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు మళ్ళాము. ఇంకో వైపు పోతే హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. మేము అంతదూరం పోలేదు. మా అత్తవారి ఊరు ఇవతలే.

నల్లమట్టి తీర్పు

ఊళ్ళోకి మలుపు తిరిగిన చోట ఒక దృశ్యం తమ్ముడికి కావలసినట్లు ఎదురయింది. కోత మిషన్లు, ట్రాక్టర్లు తిరిగి చేలగట్టు దారి కుళ్ళబొడిచినట్లయింది. వాన తడి ఇంకా ఆరలేదు. ఎవరో కుర్రవాడు నాలుగు చక్రాలూ లాగే జీపును అందులోకి దింపాడు. నాలుగు చక్రాలూ నిజంగానే తిరుగుతున్నాయి. బండి మాత్రం కదలడం లేదు. మన నల్లమట్టి సంగతి రైతులకు తెలుసు. తడిస్తే జిగురు. టైరు గాళ్ళలో నిండిపోయి టైరును నున్నటి లడ్డూ చేస్తుంది. అప్పుడు రెండు లాగినా ఒకటే, నాలుగు లాగినా ఒకటే.

ట్రాక్టరు తెచ్చి తాడు కడుతున్న రైతు మా వంక చూచి, "అందులోకి దిగడానికి ఇంజను ఉంటే చాలండీ. బయటికి రావాలంటే మా బండి రావాల" అన్నాడు.

ఇదంతా చూచి నాలుగు చక్రాల లాగుడు వట్టి దండుగ అని నేను చెప్పడం లేదు. అరకు ఘాటులో వానాకాలం నిత్యం తిరిగేవారికి, ఎస్టేటు దారుల్లో ఉద్యోగాలు చేసేవారికి, మంచు దేశాల్లో కాపురముండే మా తమ్ముడి వంటివారికి అది అక్షరాలా ఉపకారం. తడిసిన ఎత్తు దారిలో రెండు చక్రాల బండి జారిన చోట అది ఎక్కుతుంది. కాని మా దారిలో ఎక్కడానికి ఎత్తు ఏదీ? తారు రోడ్డు మీద అది అక్కరలేదు, బురదలో దానికీ శక్తి చాలదు. మధ్యలో అది పనికివచ్చే నాలుగు అడుగుల కోసం రోజూ మోయవలసిన అదనపు బరువు, అదనపు పెట్రోలు.

నీటి సంగతి

డెల్టాలో కాపురమున్నవారు కారు గురించి మాట్లాడి నీటి గురించి మాట్లాడకపోతే అది అసంపూర్ణం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. మా అత్తగారు ఆ రాత్రి గురించి ఎప్పుడూ పూర్తిగా చెప్పరు. రెండు వాక్యాలు చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోతారు. 2009 అక్టోబరులో బ్యారేజికి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డూ పోయింది. అదే రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది. వీధుల్లో పడవలు తిరిగాయి. పడవలు తిరిగిన వీధుల్లోనే కార్లు కప్పుల దాకా మునిగి ఉన్నాయి. వాటిలో రెండు చక్రాలు లాగేవీ ఉన్నాయి, నాలుగు లాగేవీ ఉన్నాయి. నీరు ఎవరినీ అడగలేదు.

కారుకు నీరంటే రెండు భయాలు. ఒకటి, గాలి పీల్చే గొట్టం ద్వారా నీరు ఇంజనులోకి పోవడం. నీరు గాలిలా అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. మునిగి ఆగిన బండిని తాళం తిప్పి మళ్ళీ స్టార్టు చేయబోతే ఆ పని మన చేత్తో మనమే చేసినట్లు. అటువంటి నష్టాన్ని మామూలు బీమా సాధారణంగా ఇవ్వదు. ఇంజను రక్షణ అని విడిగా కట్టి తీసుకోవాలి. మా ఊళ్ళో కారు కొనేవారు సీటు కవర్ల ఖర్చు తగ్గించుకుని అయినా దీనిని తీసుకోవడం మంచిది. రెండవ భయం, తేలడం. అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టగలదు. రెండడుగులైతే పెద్ద కారుకూ పట్టు దొరకదు. చక్రం నేలను వదిలిన తరువాత అది లాగేదైతేనేం, లాగనిదైతేనేం?

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. వస్తున్నదని తెలిసి మేము ముందు రోజే పోయి మామయ్యగారినీ అత్తయ్యగారినీ విజయవాడ తీసుకువచ్చాము. ఆ రోజు ఎండగానే ఉన్నది, రోడ్డు పొడిగానే ఉన్నది. తుఫాను నాడు పరుగెత్తగల బండి కంటే తుఫానుకు ముందు రోజు తాళం తిప్పగానే కదిలే బండి మేలని ఆనాడే మాకు అర్థమైంది.

తిరుగు ప్రయాణం

మామయ్యగారిని కుర్చీలోంచి కారు సీటులోకి మార్చేటప్పుడు తమ్ముడు కూడా చేయి వేశాడు. కుర్చీ ఎత్తూ, వ్యాగన్ సీటు ఎత్తూ దాదాపు సమానం. పక్కకు జరిపితే చాలు, ఎత్తనక్కరలేదు. ఈ సంగతి అప్పటి దాకా వాడి దృష్టికి రాలేదు.

"ఎత్తు బండి అయితే మామయ్యగారిని ఎత్తి పెట్టాలి కదూ!" అన్నాడు.

"రోజూ నువ్వుండవు గదా నాయనా ఎత్తడానికి" అన్నారు మా అత్తయ్యగారు. ఆ ఒక్క మాటతో ఎత్తు బండ్ల ప్రసక్తి మా ఇంట్లో ముగిసింది.

అయిదుగురం ఎక్కి, వెనుక కుర్చీ, బియ్యం బస్తా పెట్టేసరికి బండి అడుగుకు దిగింది. వచ్చేటప్పుడు సుఖంగా దాటిన స్పీడుబ్రేకరు పోయేటప్పుడు పొట్టను గీకింది. కంపెనీవారు చెప్పే ఎత్తు తరచు ఖాళీ బండిది. కుటుంబం ఖాళీగా ప్రయాణం చేయదు. అందుకని షోరూముకు ఒక్కరే పోయి నడిపి చూడడం వల్ల ప్రయోజనం లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కి చూడాలి.

మర్నాడు ఆటోనగర్‌లో మా పాత మెకానిక్కు గారి దగ్గర ఆగి తమ్ముడి కోరిక చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అమ్మా, నాలుగూ లాగే బండికి నాలుగు టైర్లూ ఒకే తీరున అరగాల. ఒకటి పోతే ఒకటి మారిస్తే కుదరదు. వెనక గేరు పెట్టె ఒకటి, షాఫ్టు ఒకటి, వాటికి ఆయిలు. మీరు చూస్తానంటే కొనండి, నేను చేస్తా. కాని ఆ డబ్బు పెట్టి మంచి టైర్లు వేయించండి. టైరు మీద నాలుగంకెలుంటాయి, చదువుకున్నవాళ్ళు కూడా చూడరు" అన్నారు.

నేను చూచాను. టైరు పక్కన గుండ్రటి గీతలో 2325 అని ఉంటే, అది 2025వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. కొత్త కారు కొన్నా సరే, ఈ అంకెలు చదివి తీసుకోండి. గాళ్ళు బాగానే ఉన్నా ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టదు.

కుర్చీతో షోరూముకు

ఆ తరువాత మేము మూడు ప్రశ్నలు రాసుకుని, చక్రాల కుర్చీని వెంట పెట్టుకుని షోరూములకు పోయాము. కుర్చీ సులువుగా ఎక్కుతుందా? అయిదుగురితో స్పీడుబ్రేకరు దాటుతుందా? గుద్దుకుంటే లోపలివారు బతుకుతారా? హుషారు మాట నాలుగోదిగా నేను చిన్న అక్షరాలతో రాసుకున్నాను.

పన్ను లెక్క కూడా చూడక తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిఎస్‌టి మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సిసి లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు 18 శాతం. అంతకు పెద్దవాటికి 40 శాతం. మారుతి డిజైర్ ఆ చిన్నవాటిలోకి వస్తుంది. 2024లో వచ్చిన ఆ కొత్త డిజైర్ ప్రమాద పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నది. చవకగా, క్షేమంగా కావలసినవారికి బాగున్నది. కాని 382 లీటర్ల డిక్కీలో కుర్చీ పెడితే సామాను ఒళ్ళో పెట్టుకోవలసిందే. కుర్చీ మడిచినా దాని పెద్ద చక్రం రెండడుగులు ఉంటుంది గదా!

పెద్ద సెడాన్‌లలో మూడింటిని చూచాము. హ్యుండయ్ వెర్నా డిక్కీ 528 లీటర్లు, టర్బో ఇంజను శక్తి 160 గుర్రాలు. స్కోడా స్లావియా, వోక్స్‌వ్యాగన్ వర్టస్ కవల పిల్లలు. డిక్కీ 521 లీటర్లు, పెద్ద ఇంజను 150 గుర్రాలు, నేల నుంచి ఎత్తు 179 మిల్లీమీటర్లు. గ్రాండ్ విటారాకు ఇది 210, డిజైర్‌కు 163. వెర్నా, కవలలు మూడూ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. మూడింటిలోనూ లాగేవి ముందు రెండు చక్రాలే.

షోరూములో టై కట్టుకున్న అబ్బాయి తెరల సంగతి, పాటల సంగతి చెబుతుంటే మా అత్తయ్యగారు కుర్చీ మడిచి డిక్కీలోకి తోసి చూచారు. వ్యాగన్‌లో లాగా ఒక్క తోపులో పోలేదు. కొంచెం వంచి, పెద్ద చక్రాలు ముందుగా పంపితే కూర్చున్నది. ఇంకా రెండు సంచులకు చోటు మిగిలింది. మామయ్యగారు పక్కకు జరిగి సీటులో కూర్చుని, రాని మాటను ప్రయత్నించి, తల ఊపారు. అయిదుగురం ఎక్కి వీధి చివర స్పీడుబ్రేకరు దాటాము. చప్పుడు రాలేదు. నేను బందరు రోడ్డు మీద ఒక్కసారి కాలు ఆనించాను. మా వారు పైనున్న పిడి పట్టుకున్నారు. నాలుగో ప్రశ్నకూ సమాధానం దొరికింది!

ఆ కవలలలో ఒకటి మాట్లాడుకున్నాము. నాలుగు చక్రాల కోసం తీసి ఉంచుదామనుకున్న డబ్బులో కొంత ఇంజను రక్షణ బీమాకు పోయింది, కొంత మంచి టైర్లకు పక్కన పెట్టాము, మిగిలింది బ్యాంకులోనే ఉన్నది. తమ్ముడు విమానం ఎక్కే ముందు, "మిన్నెసోటాకు నాదే సరి. దివిసీమకు నీదే సరి" అని ఒప్పుకున్నాడు. వాడి మాట కాదనడానికి నాకూ కారణం కనబడలేదు.

కనుక కారు కొనదలచినవారికి నేను చెప్పేది ఇంతే. ప్రకటనలో కొండ మీద నిలబడిన కారును చూడకండి. మీరు నెలకు నాలుగుసార్లు పోయే దారిని ఒక ఉదయం పనిగట్టుకుని చూడండి. ఎక్కడ ఆగవలసి వస్తున్నదో, ఎక్కడ పొట్ట తగులుతున్నదో, నీరు ఎక్కడ నిలుస్తుందో రాసుకోండి. ఇంట్లో అందరికంటే కష్టంగా ఎక్కి దిగేవారిని వెంట తీసుకుపోయి సీటులో కూర్చోబెట్టండి. వారికి సుఖమైనదే కుటుంబపు కారు. ఇక వాన ముదిరి కాలువగట్టు మీదికి నీరు వచ్చిన రోజున, ఎంత మంచి కారైనా సరే, ఇంటి ముందే ఉంచి తాళం చెవి బీరువాలో పెట్టండి.